రణభూమి నుండి ఇంటి ముంగిటికి

పాఠ్యభాగ ఉద్దేశం

యుద్ధంలో పాల్గొని తిరిగివచ్చిన సైనికుని దేహానికి తగిలిన గాయాలను లోకం వెంటనే గుర్తిస్తుంది. అతని మనసుకు తగిలిన గాయాన్ని మాత్రం చాలాకాలం గుర్తించలేదు. ఆ గాయం స్వరూపాన్నీ, దానిని మాన్పడంలో తోటి సైనికులకూ కుటుంబానికీ సమాజానికీ గల బాధ్యతనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠ్యభాగం. వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన అమెరికా సైనికుల మనోవేదన, ఆ వేదనలో నుండి వారి చొరవతోనే రూపొందిన సహాయకేంద్రాలు ఇందులోని ప్రధాన విషయం. మహాభారతంలోని యుద్ధానంతర ఘట్టాలను స్మరిస్తూ వ్యాసం ప్రారంభమవుతుంది.

పాఠ్యభాగం

యుద్ధం ఏనాడు ముగిసిందో చరిత్ర చెబుతుంది. యోధుని మనసులో ఆ యుద్ధం ఎప్పుడు ముగిసిందో ఏ చరిత్రా చెప్పదు. కవులు మాత్రం ఆ సంగతిని ఏనాడో గుర్తించారు. మహాభారతంలో పద్దెనిమిది దినాలతో కురుక్షేత్ర సంగ్రామం ముగిసింది. కథ మాత్రం ముగియలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన స్త్రీపర్వంలో భర్తలను, బిడ్డలను పోగొట్టుకున్న స్త్రీలు రణభూమికి వచ్చి విలపిస్తారు. కర్ణుడు తన తోడబుట్టిన అన్న అని అప్పుడు తెలుసుకున్న ధర్మరాజు కుమిలిపోతాడు. గెలిచిన రాజ్యం తనకు వద్దని, అడవికి పోతానని అంటాడు. తమ్ములూ ద్రౌపదీ వారిస్తారు. వ్యాసుడు, నారదుడు, శ్రీకృష్ణుడు ఊరడిస్తారు. అంపశయ్యపై ఉన్న భీష్ముడు ధర్మాలన్నిటినీ ఉపదేశిస్తాడు. అంతటితో ఆ దుఃఖం తీరిందా? తీరలేదు. భీష్ముని నిర్యాణం తరువాత గంగాతీరంలో ధర్మరాజు మళ్లీ కూలిపోతాడు. చుట్టూ ఉన్నవారు మళ్లీ అతనిని లేవనెత్తుతారు.

ఈ ఘట్టంలో గమనించవలసిన విషయాలు రెండున్నాయి. యోధుని దుఃఖం ఒక్క ఉపదేశంతో తీరేది కాదు. తగ్గినట్లే తగ్గి తిరిగి వస్తుంది. అది మొదటిది. ఎన్నిసార్లు కూలినా ధర్మరాజును ఎవరూ ఒంటరిగా విడిచిపెట్టలేదు. అది రెండవది. ఆధునిక ప్రపంచం ఈ రెండు సత్యాలను మళ్లీ తెలుసుకోవడానికి అనేక యుద్ధాలు, అసంఖ్యాకమైన జీవితాలు వ్యయమయ్యాయి.

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికులు కొందరు గుండెదడతో, ఆయాసంతో బాధపడేవారు. వారిని పరీక్షించిన వైద్యుడు జాకబ్ డ కోస్టా 1871లో ఆ లక్షణాలను వివరించాడు. అప్పటికి అది గుండెకు సంబంధించిన వ్యాధిగానే తోచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది సైనికులు దేహంపై గాయమేదీ లేకుండానే వణికిపోవడం, మాట పడిపోవడం, చూపు మందగించడం వంటి బాధలకు లోనయ్యారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఈ స్థితిని ‘షెల్ షాక్’ అనే పేరుతో వర్ణించాడు. ఫిరంగి గుండ్ల పేలుడు వల్ల కలిగిన ఆఘాతమని ఆ పేరుకు అర్థం. అయితే పేలుడుకు చేరువలో లేనివారు కూడా ఆ స్థితికి లోనైనట్లు తరువాత తేలింది.

వ్యాధికి పేరు దొరికినంత మాత్రాన రోగికి దయ దొరకలేదు. పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం ఆ యుద్ధకాలంలో తన సైనికులనే కాల్చి చంపింది. అలా మరణించిన 306 మందికి 2006లో బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది. వారిలో మనసు దెబ్బతిన్నవారు కూడా ఉన్నారన్న గుర్తింపు ఆ నిర్ణయం వెనుక ఉంది. తొమ్మిది దశాబ్దాల తరువాత లభించిన ఆ మన్నన వారి భార్యాబిడ్డలలో ఎందరికి అందిందో ఊహించుకోవలసిందే. ఆ రోజులలోనే ఎడింబరో సమీపంలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు మరొక మార్గాన్ని అనుసరించాడు. భయంకరమైన జ్ఞాపకాన్ని అణచివేయమని రోగికి చెప్పడం హానికరమని, దానిని ఎదుర్కొని మాట్లాడనివ్వాలని ఆయన భావించాడు. 1917లో సిగ్‌ఫ్రీడ్ ససూన్, విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే ఇద్దరు కవులు అక్కడే చికిత్స పొందారు. తిరిగి యుద్ధానికి వెళ్లిన ఓవెన్ 1918 నవంబరు 4వ తేదీన, అంటే యుద్ధవిరమణకు సరిగ్గా వారం రోజుల ముందు, మరణించాడు.

రివర్స్ చూపిన మార్గం ఆసుపత్రి గోడలు దాటి సమాజంలోకి రావడానికి మరో అర్ధశతాబ్ది పట్టింది. అందుకు కారణమైనది వియత్నాం యుద్ధం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికా సైనికులలో అధికులు తోటివారితో కలిసి ఓడలలో ఇళ్లకు చేరుకున్నారు. ఆ దీర్ఘ ప్రయాణంలో చనిపోయిన మిత్రుని గురించి చెప్పుకోవడానికి, కన్నీరు పెట్టుకోవడానికి వ్యవధి చిక్కింది. వియత్నాంలో పరిస్థితి వేరు. ప్రతి సైనికునికీ సాధారణంగా ఒక్క సంవత్సరం గడువు. గడువు తీరిన నాడు అతడొక్కడే విమానమెక్కేవాడు. నిన్నటివరకు అరణ్యంలో పొంచి ఉన్న పగవానికై కళ్లు కాయలు కాచేలా చూసినవాడు ఒకటి రెండు రోజులలోనే తల్లి వడ్డించిన భోజనం ముందు కూర్చునేవాడు. వారిలో అనేకులు ఇరవై ఏళ్లైనా నిండని యువకులు. ఆ యుద్ధం న్యాయమైనదా కాదా అని దేశమంతా రెండుగా చీలి వాదించుకుంటున్నది. ఆ వాదంలో అతని మాట వినే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఇంటికి చేరిన సైనికుడు నిద్రలో కేకలు వేసి లేచేవాడు. ద్వారం కనిపించే చోటనే వీపును గోడకు ఆనించి కూర్చునేవాడు. జులై 4వ తేదీ స్వాతంత్ర్య దినోత్సవాన ఊరంతా బాణాసంచా కాల్చి సంబరపడుతుంటే ఆ శబ్దానికి నేలమీద పడుకునేవాడు. జనసమ్మర్దంలోకి వెళ్లలేకపోయేవాడు, పిల్లల అల్లరికి ఉగ్రుడయ్యేవాడు. అన్నిటికంటే బాధాకరమైనది మరొకటి ఉంది. భార్యపై, బిడ్డలపై గల ప్రేమ కూడా తనలో మొద్దుబారిపోయినట్లు అతనికి తోచేది. కొందరు ఆ వేదనను మద్యంతో, మత్తుపదార్థాలతో మరచిపోజూశారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడానికి అనేకులు ఇష్టపడలేదు. తమను యుద్ధానికి పంపిన ప్రభుత్వం మీద వారికి విశ్వాసం సన్నగిల్లింది. పిచ్చివాడన్న ముద్ర పడుతుందన్న భయం సరేసరి.

ఈ స్థితిలో మొదటి అడుగు వేసినవారు సైనికులే. 1970 చివరలో న్యూయార్కు నగరంలో, యుద్ధాన్ని వ్యతిరేకించే మాజీ సైనికుల సంఘ కార్యాలయంలో, కొందరు వారానికొకసారి సమావేశం కావడం ప్రారంభించారు. వారి ఆహ్వానం మీద రాబర్ట్ జే లిఫ్టన్, ఖైమ్ షటాన్ అనే ఇద్దరు మానసిక వైద్యులు వచ్చి కూర్చున్నారు. అక్కడ వైద్యుడు పైన, రోగి కింద అన్న భేదం లేదు. వలయాకారంలో కూర్చుని ఒకరు చెప్పడం, తక్కినవారు వినడం, అంతే. ఈ గోష్ఠులకు వారు ‘ర్యాప్ గ్రూప్’ అని పేరు పెట్టుకున్నారు. తనకొక్కనికే వచ్చిందనుకున్న పీడకల పక్కవాడికీ వస్తున్నదని తెలిసిన క్షణాన ఒంటరితనపు బరువు సగం దిగిపోయేది. సిగ్గుతో దాచుకున్న సంగతిని ఛీత్కారం లేకుండా వినేవారు దొరికారు. ఇటువంటి గోష్ఠులు క్రమంగా ఇతర నగరాలకు కూడా వ్యాపించాయి.

సైనికులు తమంతట తాము కనిపెట్టుకున్న ఈ పద్ధతిని ప్రభుత్వం 1979లో చట్టరూపంలో స్వీకరించింది. అప్పుడు మాజీ సైనికుల వ్యవహారాల సంస్థకు అధిపతిగా ఉన్న మాక్స్ క్లీలండ్ స్వయంగా వియత్నాంలో రెండు కాళ్లను, కుడిచేతిని కోల్పోయినవాడు. ఆ చట్టం ఫలితంగా ‘వెట్ సెంటర్’ అనే సహాయకేంద్రాలు వెలిశాయి. వీటిని ఆసుపత్రుల ఆవరణలలో కాక జనం నివసించే వీధులలో, అంగళ్ల నడుమ అద్దె గదులలో స్థాపించడం విశేషం. లోపల సలహా చెప్పేవారిలో చాలామంది యుద్ధం చూసి వచ్చినవారే. వచ్చినవాని వద్ద రుసుము తీసుకోరు. అతడు చెప్పిన సంగతులను అతని అనుమతి లేకుండా బయటకు పొక్కనీయరు. వైద్యం అవసరమైనవానిని వైద్యుని వద్దకు, ఉద్యోగం అవసరమైనవానిని ఉద్యోగ సహాయం వైపు నడిపిస్తారు. మొదట వియత్నాం సైనికులకే పరిమితమైన ఈ సేవ 1990 దశకంలో ఇతర యుద్ధాలలో పాల్గొన్నవారికి కూడా లభించింది. నేడు అటువంటి కేంద్రాలు ఆ దేశంలో సుమారు 300 ఉన్నాయి. మారుమూల పల్లెలకు వెళ్లే సంచార వాహనాలు వీటికి అదనం.

చట్టం వచ్చిన మరుసటి సంవత్సరం, అంటే 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రుగ్మతల పట్టికలో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అనే పేరును చేర్చింది. దీనినే సంక్షిప్తంగా పి.టి.ఎస్.డి. అంటారు. దీనిని ఆఘాతానంతర మనోవ్యాధి అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఇది పిరికితనం కాదని, భరింపరాని అనుభవానికి లోనైన ఏ మనిషికైనా రాగల వ్యాధి అని ఆ పేరు లోకానికి చాటింది. ఆ దేశ శాసనసభ ఆదేశం మీద జరిగిన జాతీయ పరిశీలన ఫలితాలు 1988లో వెలువడ్డాయి. వియత్నాంలో పనిచేసిన పురుష సైనికులలో నూటికి సుమారు 15 మంది అప్పటికీ ఈ వ్యాధితో బాధపడుతున్నారని, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనైనవారు నూటికి సుమారు 30 మంది అని ఆ పరిశీలన తెలిపింది. యుద్ధం ముగిసి పుష్కరకాలం గడిచిన తరువాతి లెక్క ఇది.

ఆ పరిశీలకులు సైనికులతోనే ఆగక వారి జీవిత భాగస్వాములను కూడా ప్రశ్నించారు. వ్యాధిగ్రస్తులైన వారి ఇళ్లలో కలహాలు, హింస, పిల్లల ప్రవర్తనలో చిక్కులు అధికంగా ఉన్నట్లు వెల్లడైంది. ఇంట్లో ఒకరు నిద్రపోకపోతే ఆ ఇల్లంతా మేలుకొని ఉంటుంది. భర్త కోపానికి కారణం తానేనేమో అని భార్య కుములుతుంది. తండ్రి మౌనానికి తన అల్లరే కారణమని పసివాడు తలపోస్తాడు. కనుక వ్యాధి లక్షణాలను ఇంటివారికి వివరించడమే వారికి అందించగల తొలి ఓదార్పు. వెట్ సెంటర్లలో దంపతులకు, కుటుంబాలకు కూడా సలహా లభిస్తుంది. విధి నిర్వహణలో మరణించిన సైనికుల కుటుంబాలకు దుఃఖోపశమన సేవను కూడా 2003 నుండి ఈ కేంద్రాలే అందిస్తున్నాయి. కురుక్షేత్రంలో విలపించిన స్త్రీల వంటివారికి కూడా ఈ వ్యవస్థలో చోటు దొరికిందన్నమాట.

వైద్యుడు జొనాథన్ షే బోస్టన్ నగరంలో ఏళ్ల తరబడి వియత్నాం సైనికులకు చికిత్స చేశాడు. ఆయన 1994లో ప్రచురించిన గ్రంథం పేరు ‘అకిలీస్ ఇన్ వియత్నాం’. తన వద్దకు వచ్చే సైనికుల మాటలలో గ్రీకు మహాకవి హోమర్ వర్ణించిన యోధుల వేదనే ఆయనకు వినిపించింది. భయం వల్ల కలిగే గాయం ఒకటి, ధర్మం తప్పిందన్న భావన వల్ల కలిగే గాయం మరొకటి అని ఆయన గుర్తించాడు. ఈ రెండవదానిని నైతిక గాయం అంటారు. ధర్మరాజును కుంగదీసినది శత్రుభయం కాదు. చేయరానిది చేశానన్న తలపే అతనిని దహించింది. ఇట్టి గాయానికి ఔషధం మాత్రమే చాలదని, నమ్మదగిన శ్రోతల మధ్య దుఃఖాన్ని పంచుకోవలసి ఉంటుందని షే ప్రతిపాదించాడు.

సమాజం శ్రోతగా మారడానికి మార్గాలు అనేకం. అమెరికా ఆదివాసులైన నవాహో జాతివారిలో, యుద్ధం నుండి వచ్చినవానిని శుద్ధిచేసి తిరిగి తమలో కలుపుకొనే ప్రాచీన క్రతువు ఒకటి ఉంది. కొన్ని దినాలపాటు సాగే ఆ క్రతువులో బంధువులందరూ పాల్గొంటారు. రెండవ ప్రపంచ యుద్ధం నుండి వచ్చిన నవాహో సైనికులకు కూడా దానిని జరిపించారు. వాషింగ్టన్ నగరంలో 1982లో వెలసిన వియత్నాం స్మారకం మరొక మార్గం. మాయా లిన్ అనే విద్యార్థిని రూపకల్పన చేసిన ఆ నల్లరాతి గోడపై 58 వేలకు పైగా మృతుల పేర్లు చెక్కి ఉన్నాయి. మిత్రుని పేరును చేతితో తడిమి ఏడ్చేవారిని అక్కడ ఎవరూ వారించరు. 2008లో బఫలో నగర న్యాయమూర్తి రాబర్ట్ రస్సెల్ మాజీ సైనికులకై ఒక ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆరంభించాడు. నేరారోపణకు లోనైన సైనికుని అక్కడ వెంటనే చెరసాలకు పంపక చికిత్సకు పంపుతారు. స్వచ్ఛందంగా వచ్చిన మరొక మాజీ సైనికుడు అతనికి తోడుగా నిలుస్తాడు. ప్రాణం తీసుకోవాలన్న తలపు కలిగినవారికై 2007 నుండి రాత్రింబవళ్లు పనిచేసే ఫోను సేవ కూడా ఆ దేశంలో ఉంది.

తోటివారి ఆదరణ ఉంటే వైద్యంతో పనిలేదని ఇందువల్ల భావించరాదు. శిక్షణ పొందిన నిపుణుని సమక్షంలో జ్ఞాపకాన్ని క్రమంగా ఎదుర్కొనే చికిత్సలు, తన్ను తాను నిందించుకునే ఆలోచనలను సరిదిద్దే చికిత్సలు ఎందరికో మేలు చేశాయి. అయితే వైద్యుని గుమ్మం వరకు నడిపించే చేయి ఒకటి కావాలి. ఆ చేయి ఎక్కువసార్లు ఒక మిత్రునిదో, భార్యదో, ఇరుగుపొరుగు వారిదో అవుతుంది. ఎంతమందిని చంపావని కుతూహలంతో అడగడం, అంతా మరచిపొమ్మని తేలికగా చెప్పడం ఆ గాయాన్ని రేపుతాయి. అతడు చెప్పినంత వినడం, చెప్పనిది తవ్వకపోవడం మేలు చేస్తాయి.

తెలుగునాట కూడా సైనిక సంప్రదాయం గల గ్రామాలున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామం ప్రపంచ యుద్ధాల కాలం నుండి సైన్యానికి యువకులను పంపుతూ ‘మిలిటరీ మాధవరం’ అని పేరుపొందింది. ఇటువంటి ఊళ్లలో రచ్చబండ వద్ద కూర్చునే వృద్ధ సైనికులు, కొత్తగా సెలవుపై వచ్చిన యువకుని మౌనాన్ని చదవగలవారు. ఆ అనుభవం ఒక సంపద. భారత ప్రభుత్వం 2003లో మాజీ సైనికులకు, వారి ఆశ్రితులకు ఒక ఆరోగ్య పథకాన్ని ప్రారంభించింది. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయాలు వారి అవసరాలను చూస్తాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్సను పౌరుని హక్కుగా ప్రకటించింది. 2022 అక్టోబరులో ఆరంభమైన ‘టెలీ మానస్’ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. సైనిక కుటుంబాలకై 2023లో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో దాని ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఫోనులో వినిపించే స్వరానికి తోడుగా ఊరిలో వినే చెవి కూడా ఉన్నప్పుడే ఈ ఏర్పాట్లు సఫలమవుతాయి.

సైనికుడు తన పేరిట యుద్ధం చేయడు. దేశం పేరిట, ప్రజల పేరిట చేస్తాడు. కనుక ఆ యుద్ధం అతనిలో మిగిల్చిన వేదనను అతడొక్కడే మోయవలెననడం న్యాయం కాదు. సరిహద్దుకు సాగనంపే నాడు పూలమాల వేసిన చేతులే, తిరిగివచ్చిన అనంతరం అతని భుజం మీద నిలవాలి. ఆ చేతులు ఒక్కనాటితో వెనుదిరగరాదు. ధర్మరాజు రెండవసారి కూలినప్పుడు కూడా చుట్టూ మనుషులున్నారు.

కఠిన పదాలకు అర్థాలు

అంపశయ్య = బాణాల పడక
నిర్యాణం = మరణం
ఆఘాతం = దెబ్బ
జనసమ్మర్దం = జనుల ఒత్తిడి, గుంపు
గోష్ఠి = కలిసి కూర్చుని మాట్లాడుకునే సమావేశం
ఛీత్కారం = అసహ్యంతో తిరస్కరించడం
పుష్కరకాలం = పన్నెండు సంవత్సరాలు
ఉపశమనం = తగ్గుదల, ఊరట
క్రతువు = విధిపూర్వకంగా జరిపే కర్మ
ఆశ్రితులు = ఆధారపడినవారు

వ్యాకరణాంశాలు

సంధులు
యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
దుఃఖోపశమనం = దుఃఖ + ఉపశమనం – గుణ సంధి
ప్రత్యేక = ప్రతి + ఏక – యణాదేశ సంధి
మనోవ్యాధి = మనః + వ్యాధి – విసర్గ సంధి

సమాసాలు
రణభూమి = రణం యొక్క భూమి – షష్ఠీ తత్పురుష సమాసం
భార్యాబిడ్డలు = భార్యయు, బిడ్డలును – ద్వంద్వ సమాసం
శత్రుభయం = శత్రువు వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
మహాకవి = గొప్పవాడైన కవి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వియత్నాం యుద్ధం నుండి వచ్చిన సైనికుల మనోవేదనకు కారణాలను, ‘వెట్ సెంటర్లు’ ఏర్పడిన విధానాన్ని వివరించండి.
2. సైనికుని మనోగాయం మానడానికి సమాజం ఏయే మార్గాలలో తోడ్పడగలదో పాఠం ఆధారంగా రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ధర్మరాజు దుఃఖం నుండి గ్రహించవలసిన రెండు విషయాలు ఏవి?
2. ‘ర్యాప్ గ్రూప్’ గోష్ఠుల ప్రత్యేకత ఏమిటి?
3. యుద్ధం నుండి వచ్చిన సైనికుని వేదన అతని కుటుంబంపై ఎట్టి ప్రభావాన్ని చూపుతుంది?
4. నైతిక గాయం అంటే ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘షెల్ షాక్’ అనే పేరుతో సైనికుల స్థితిని వర్ణించిన వైద్యుడెవరు?
2. బ్రిటన్ 2006లో ఎంతమంది సైనికులకు క్షమాభిక్ష ప్రకటించింది?
3. వియత్నాం స్మారకానికి రూపకల్పన చేసినదెవరు?
4. ‘టెలీ మానస్’ సేవ ఏ సంవత్సరంలో ఆరంభమైంది?